ఒక్క భుజం కొలిస్తే చాలు

ఏటి అవతలి గట్టున ఒక తాటిచెట్టు ఉంది. ఇవతలి గట్టున మీరున్నారు. చేతిలో టేపు ఉంది, పడవ లేదు. ఏటి వెడల్పు ఎంతో చెప్పాలి. నీళ్ల మీద టేపు పరవలేం కాబట్టి చెప్పలేమనే అనిపిస్తుంది. కానీ చెప్పొచ్చు. నీళ్లలో ఒక్క అడుగు కూడా పెట్టకుండా, మనమున్న గట్టు వెంబడే కొంత దూరం కొలిచి, ఆ దూరానికి రెండు కొసల నుంచీ చెట్టు వైపు చూసి, అవతలికి ఎన్ని మీటర్లో తేల్చెయ్యొచ్చు.

ఈ పని చేసిపెట్టేది త్రికోణమితి. సైన్, కొసైన్, టాన్ అంటూ పదో తరగతిలో బట్టీ పట్టిన పట్టికగానే చాలామందికి అది గుర్తుండిపోయింది. దాని అసలు బలం ఆ పట్టికలో కనిపించదు. నేల మీద పొడవు కొలవడం మహా కష్టం. వాగు అడ్డొస్తుంది, అడవి అడ్డొస్తుంది, లోయ వస్తే టేపు చుట్టేసుకోవలసిందే. కోణం అలా కాదు. కంటికి కనిపించే చోటు ఎంత దూరానున్నా, మధ్యలో ఏమున్నా, అటు చూసి కోణం కొలవొచ్చు. అందుకని పొడవును ఒక్కసారి, చదునైన చోట, ఓపిగ్గా కొలుచుకుని, తక్కిన పొడవులన్నీ కోణాల నుంచి రాబట్టడం మొదలుపెట్టారు. సర్వేలో త్రికోణమితి చేసేదంతా ఈ ఒక్క పనే.

కోణం మారకపోతే నిష్పత్తి మారదు

ముందు తేలికైన సంగతి చూద్దాం. గుడి ముందు ధ్వజస్తంభం ఎత్తు తెలుసుకోవాలి. దాని మొదలు నుంచి సరిగ్గా 20 మీటర్లు వెనక్కి వచ్చి నిలబడి, కంటి మట్టం నుంచి దాని కొన ఎంత పైకి కనిపిస్తోందో కొలిచాం. 35 డిగ్రీలు వచ్చిందనుకుందాం. ఇప్పుడు గాలిలో ఒక త్రిభుజం ఏర్పడింది. కంటి నుంచి స్తంభానికి అడ్డంగా 20 మీటర్లు ఒక భుజం, స్తంభం నిలువుగా ఇంకో భుజం, చూపు ఏటవాలుగా మూడో భుజం. అడ్డం, నిలువు కలిసే చోట లంబకోణం.

ఇలాంటిదే ఒక చిన్న త్రిభుజాన్ని కాగితం మీద గీయండి. అడ్డం 20 సెంటీమీటర్లు, ఒక మూల 35 డిగ్రీలు, ఇంకో మూల లంబకోణం. నిలువు భుజాన్ని స్కేలుతో కొలిస్తే 14 సెంటీమీటర్లు వస్తుంది. కాగితం మీదిదీ గుడి ముందుదీ ఒకే ఆకారం. చిన్న ఫొటోను పెద్దది చేయించినప్పుడు మనిషి ముక్కు, చెవి, చెయ్యి అన్నీ ఒకే లెక్కన పెరిగినట్టు, త్రిభుజంలో కోణాలు మారనంత వరకూ భుజాలన్నీ ఒకే లెక్కన పెరుగుతాయి. కాగితం మీద 20కి 14 అయితే, నేల మీద 20 మీటర్లకు 14 మీటర్లు. దానికి కంటి ఎత్తు మీటరున్నర కలపాలి. పరీక్షలో పిల్లలు తరచూ మరిచిపోయేది ఇదే. స్తంభం ఎత్తు పదిహేనున్నర మీటర్లు.

ప్రతిసారీ కాగితం మీద బొమ్మ గీసి కొలవడం ఎందుకని, ఏ కోణానికి ఆ నిష్పత్తి ఎంతో ముందే లెక్క కట్టి పట్టిక రాసి పెట్టుకున్నారు. నిలువును అడ్డంతో భాగిస్తే వచ్చేది టాన్. 35 డిగ్రీలకు అది 0.7. నిలువును ఏటవాలు భుజంతో, అంటే కర్ణంతో భాగిస్తే సైన్. అడ్డాన్ని కర్ణంతో భాగిస్తే కొసైన్. ఇంతకు మించి వాటిలో మర్మం లేదు. ఎదురు ప్రశ్న కూడా ఇదే పట్టిక తీరుస్తుంది. భుజాలు తెలిసి కోణం తెలియకపోతే, నిష్పత్తిని కట్టి, అది పట్టికలో ఏ కోణం దగ్గరుందో వెతకడమే. క్యాలిక్యులేటర్‌లో విలోమ సైన్ మీట చేసేది ఆ వెతుకులాటే.

ఈ పట్టికలలో మన దేశంలో పేరుపడ్డ తొలి వాటిలో ఒకటి ఆర్యభటుడిది. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో, సున్నా నుంచి 90 డిగ్రీల వరకు మూడు ముప్పావు డిగ్రీల చొప్పున 24 విలువలున్నాయి. ఆయన తీసుకున్న వృత్తానికి వ్యాసార్ధం 3438. ఆ అంకె ఎక్కడిదంటే, వృత్తం చుట్టూ 360 డిగ్రీలు, డిగ్రీకి 60 కళలు, మొత్తం 21,600 కళలు. చుట్టుకొలతను 21,600 భాగాలుగా తీసుకుంటే వ్యాసార్ధం అదే భాగాల్లో దాదాపు 3438 వస్తుంది. విలువలను నేరుగా చెప్పకుండా ఒకదానికీ తరువాతి దానికీ ఉన్న తేడాలను, 225, 224, 222, 219 అంటూ, ఒక్క శ్లోకంలో ఇమిడ్చాడు. తేడాలు కూడుకుంటూ పోతే ఎనిమిదో మెట్టు దగ్గర, అంటే 30 డిగ్రీల దగ్గర, 1719 వస్తుంది. అది 3438లో సరిగ్గా సగం. ఇవాళ మన పిల్లలు 30 డిగ్రీల సైన్ అర అని చదివేది దాన్నే.

లంబకోణం లేని చోట

మళ్లీ ఏటి దగ్గరికి వద్దాం. అక్కడ లంబకోణం ఏదీ సిద్ధంగా లేదు. గట్టు వెంబడి 200 మీటర్లు కొలిచి రెండు కొసలా రెండు గుంజలు పాతాం. మొదటి గుంజ దగ్గర నిలబడి చూస్తే, గట్టు గీతకూ తాటిచెట్టుకూ మధ్య 70 డిగ్రీలు. రెండో గుంజ దగ్గర 80 డిగ్రీలు. మూడో కోణం చెట్టు దగ్గర ఉంది, అక్కడికి వెళ్లి కొలవలేం. అక్కర్లేదు. మూడూ కలిసి 180 కాబట్టి అది 30.

ఇక్కడ సాయపడేది ఇంటర్ మొదటి సంవత్సరంలో వచ్చే సైన్ సూత్రం. ఏ త్రిభుజంలోనైనా, ఒక భుజాన్ని దాని ఎదుటి కోణపు సైన్‌తో భాగిస్తే వచ్చే సంఖ్య మూడు భుజాలకూ ఒక్కటే. ఎందుకలా? త్రిభుజంలో ఒక మూల నుంచి ఎదుటి భుజం మీదికి నిట్టనిలువుగా ఒక గీత దించండి. త్రిభుజం రెండు లంబకోణ త్రిభుజాలుగా చీలింది. దించిన గీత రెంటికీ ఉమ్మడి గోడ. దాని ఎత్తు ఎడమ వైపు నుంచి లెక్క కట్టినా, కుడి వైపు నుంచి లెక్క కట్టినా ఒక్కటే కావాలి. ఎడమ భుజాన్ని ఎడమ కోణపు సైన్‌తో గుణిస్తే వచ్చేదీ, కుడి భుజాన్ని కుడి కోణపు సైన్‌తో గుణిస్తే వచ్చేదీ సమానం. సైన్ సూత్రమంతా ఆ ఉమ్మడి గోడలోనే ఉంది. దాన్ని రుజువుగా కాక ఊరికే సూత్రంగా అప్పజెప్పించడం వల్ల పిల్లలు చాలా పోగొట్టుకుంటున్నారు.

లెక్క చూడండి. తెలిసిన భుజం 200 మీటర్లు, దాని ఎదుటి కోణం 30, సైన్ అర. 200ను అరతో భాగిస్తే 400. మొదటి గుంజ నుంచి చెట్టుకు దూరం, 400ను 80 డిగ్రీల సైన్‌తో గుణిస్తే, దాదాపు 394 మీటర్లు. రెండో గుంజ నుంచి, 70 డిగ్రీల సైన్‌తో గుణిస్తే, దాదాపు 376 మీటర్లు. గట్టు నుంచి చెట్టుకు అడ్డంగా దూరం కావాలంటే 394ను మళ్లీ 70 డిగ్రీల సైన్‌తో గుణించాలి. 370 మీటర్లు. ఏటి వెడల్పు తేలింది. నీళ్లు తాకలేదు.

సన్న త్రిభుజం చేసే మోసం

పుస్తకాలు చెప్పకుండా వదిలేసే సంగతి ఒకటుంది. గట్టు మీద 200 మీటర్లు కొలవడానికి బద్ధకించి, 20 మీటర్లతో సరిపెట్టామనుకోండి. సూత్రం అప్పుడూ పనిచేస్తుంది. రెండు గుంజల దగ్గరా 88 డిగ్రీల 30 కళలు వచ్చాయనుకుంటే, చెట్టు దగ్గరి కోణం 3 డిగ్రీలు, వెడల్పు 382 మీటర్లు. ఇప్పుడు ఒక గుంజ దగ్గర కొలతలో ఒక్క డిగ్రీ పొరపాటు పడి 89 డిగ్రీల 30 కళలు చదివాం. చెట్టు దగ్గరి కోణం 2 డిగ్రీలైపోయింది. ఏటి వెడల్పు ఒక్కసారిగా 573 మీటర్లకు ఎగబాకింది. డిగ్రీ తప్పుకు 190 మీటర్ల తప్పు.

అదే డిగ్రీ పొరపాటు 200 మీటర్ల గీతతో చేసినప్పుడు పడితే, 70 బదులు 71 చదివితే, వెడల్పు 370 నుంచి 384కు మారుతుంది. 14 మీటర్లే తేడా. ఎందుకంటే దూరపు మూల దగ్గర 30 డిగ్రీల్లో ఒక డిగ్రీ పోవడం వేరు, 3 డిగ్రీల్లో ఒక డిగ్రీ పోవడం వేరు. సన్నగా సాగిన త్రిభుజంలో రెండు చూపులూ దాదాపు పక్కపక్కనే నడుస్తాయి. అవి ఎక్కడ కలుస్తాయన్నది వెంట్రుకవాసి తేడాకే వందల మీటర్లు జరిగిపోతుంది. అందుకే మంచి సర్వేయర్లు మూడు కోణాలూ కాస్త అటూ ఇటూగా 60 డిగ్రీలుండే త్రిభుజాల కోసం వెతుకుతారు. లెక్క తెలియడం ఒక విద్య. ఏ త్రిభుజాన్ని ఎంచుకోవాలో తెలియడం ఇంకో విద్య, నా దృష్టిలో రెండోదే పెద్దది.

ఏది తెలిస్తే ఏది దొరుకుతుంది

త్రిభుజానికి మూడు భుజాలు, మూడు కోణాలు, మొత్తం ఆరు కొలతలు. వాటిలో మూడు తెలిస్తే, ఆ మూడిట్లో ఒక్కటైనా భుజమైతే, మిగతా మూడూ రాబట్టొచ్చు. కోణాలు మూడూ తెలిసి భుజం ఒక్కటీ తెలియకపోతే ఆకారం తెలుస్తుంది, సైజు తెలియదు. బల్ల మీద పట్టేదైనా కావచ్చు, జిల్లా అంతా పరుచుకునేదైనా కావచ్చు.

రెండు భుజాలు, వాటి మధ్య కోణం తెలిస్తే కొసైన్ సూత్రం. చెరువుకు ఈ కొస నుంచి ఆ కొసకు దూరం కావాలి, మధ్యలో నీళ్లు. గట్టు బయట ఒక చోట నిలబడ్డాం. అక్కడి నుంచి ఒక కొస 50 మీటర్లు, రెండో కొస 80 మీటర్లు, రెంటి మధ్య కోణం 60 డిగ్రీలు. లంబకోణమే అయితే పైథాగరస్ చాలు. 50 వర్గం 2500, 80 వర్గం 6400, రెండూ కలిపి 8900. ఇక్కడ కోణం 90 కంటే మూసుకుని ఉంది కాబట్టి కొసలు దగ్గరికి వచ్చాయి, కొంత తగ్గించాలి. తగ్గించవలసింది రెండు భుజాల లబ్ధానికి రెట్టింపు, అంటే 8000, దాన్ని 60 డిగ్రీల కొసైన్‌తో, అరతో, గుణిస్తే 4000. మిగిలింది 4900, దాని వర్గమూలం 70. చెరువు 70 మీటర్లు. కోణం 90 దాటి తెరుచుకుంటే అదే మొత్తాన్ని తగ్గించడానికి బదులు కలపవలసి వస్తుంది. మూడు భుజాలూ తెలిసి కోణాలు కావాలన్నా ఈ సూత్రాన్నే వెనక నుంచి నడిపించాలి.

జాగ్రత్త పడవలసిన చోటు ఒక్కటుంది. రెండు భుజాలు తెలిసి, తెలిసిన కోణం వాటి మధ్యది కాకుండా పక్కదైతే, ఒక్కోసారి రెండు వేర్వేరు త్రిభుజాలు అదే కొలతలకు సరిపోతాయి. కోణానికి ఎదురుగా ఉండే భుజం ఒక కొస మీద ఊగుతూ అడుగు గీతను రెండుచోట్ల తాకగలదు. ఏది నిజమో లెక్క చెప్పదు. నేల మీదికి వెళ్లి చూడాల్సిందే.

చెన్నపట్నంలో కొలిచిన గీత

1802 ఏప్రిల్ 10న చెన్నపట్నం దగ్గర సెయింట్ థామస్ మౌంట్ వద్ద సర్వేయర్ విలియం లాంబ్టన్ ఒక గీత కొలవడం మొదలుపెట్టాడు. తర్వాత మహా త్రికోణమితి సర్వేగా పేరుపడ్డ పనికి అది ఆధార రేఖ. పొడవు సుమారు 40,000 అడుగులు, ఏడున్నర మైళ్లు. కొలిచింది వంద అడుగుల ఉక్కు గొలుసుతో. రెండున్నర అడుగుల కడ్డీలు నలభై కలిపి చేసిన గొలుసది. దాన్ని నేల మీద లాగితే వంగుతుందని, గుంజల మీద చెక్క పెట్టెలు వరసగా పేర్చి వాటిలో పరిచేవారు. ఎండ తగలకుండా గుడారాలు కట్టి, పక్కన ఉష్ణమాపకాలు పెట్టేవారు. ఇదంతా అతిజాగ్రత్త అనిపించొచ్చు. కానీ ఉక్కు వేడికి సాగుతుంది. గొలుసు వేడిమిలో ఒక్క డిగ్రీ సెల్సియస్ లెక్క తప్పితే, ఏడున్నర మైళ్ల మీద ఐదంగుళాలకు పైగా తేడా వస్తుంది. ఆ గీతలోని తప్పు దాని మీద నిలిచే ప్రతి త్రిభుజంలోకీ పాకుతుంది. అందుకే ఆ ఏడున్నర మైళ్లకు ఆరు వారాలు పట్టింది.

ఆ తర్వాత పొడవులతో పని దాదాపు లేదు. గీత రెండు కొసల నుంచి దూరాన ఒక గుట్టను చూసి కోణాలు కొలిచి త్రిభుజం కట్టారు. ఆ త్రిభుజంలో లెక్కతో వచ్చిన భుజం తరువాతి త్రిభుజానికి ఆధారమైంది. కోణాలు కొలిచిన థియోడొలైట్ బరువు అర టన్ను. 1808లో తంజావూరు పెద్ద గుడి విమానం మీదికి దాన్ని ఎక్కిస్తుండగా తాడు తెగి గోడకు కొట్టుకుంది. వంకర పోయిన కోణాల చక్రాన్ని లాంబ్టన్ వారాల తరబడి కూర్చుని సరిచేశాడు.

త్రిభుజాల వరస తప్పుదారి పట్టలేదని ఎలా తెలుస్తుంది? కొంత దూరం పోయాక మరో గీతను గొలుసుతో నిజంగా కొలుస్తారు. త్రిభుజాల లెక్కలో ఆ గీత ఎంత రావాలో ముందే తెలుసు. మద్రాసు నుంచి మొదలైన లెక్కకూ బెంగళూరు దగ్గర 1804లో కొలిచిన గీతకూ తేడా నాలుగంగుళాల లోపే. ఈ వరసే మంగళూరు వరకు సాగినప్పుడు, అప్పటి పటాల్లో 400 మైళ్లుగా ఉన్న ద్వీపకల్పం వెడల్పు అక్కడ 360 మైళ్లేనని బయటపడింది. సముద్రం నేలను మింగలేదు. పాత పటాలు తప్పు.

వరస ఉత్తరానికి జరిగి తెలుగు నేల మీదికి వచ్చింది. 1815లో బీదర్ దగ్గర ఇంకో ఆధార రేఖ కొలిచారు. హైదరాబాదులో లాంబ్టన్ దగ్గర 1818లో సహాయకుడిగా చేరినవాడు జార్జ్ ఎవరెస్ట్. కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో త్రిభుజాలు కట్టే పని ఆయనకు అప్పగించారు. కొండ మీద నుంచి కొండ కనిపించాలంటే వానలు గాలిని కడిగిన రోజులే మంచివి. అడవి జ్వరాలు వచ్చేదీ ఆ రోజుల్లోనే. ఎవరెస్టుకూ ఆయన మనుషుల్లో చాలామందికీ జ్వరం తగిలింది. 1820లో ఆయన కోలుకోవడానికి దక్షిణాఫ్రికా కేప్‌కు వెళ్లాల్సి వచ్చింది. లాంబ్టన్ 1823 జనవరిలో వార్ధా దగ్గరి హింగన్‌ఘాట్‌లో, పని మీద ఉండగానే చనిపోయాడు. జెండాలు పట్టుకుని గుట్టలెక్కినవారు, గొలుసు మోసినవారు, జ్వరాలకు పోయినవారు ఎందరో మనవాళ్లున్నారు. వాళ్ల పేర్లు చాలావరకు చరిత్రలోకి ఎక్కలేదు. పటం చూసినప్పుడు వాళ్లను తలుచుకోవడం న్యాయం.

నేల గుండ్రన, చూపు వంకర

దూరాలు పెరిగేకొద్దీ త్రిభుజం తన స్వభావం మార్చుకుంటుంది. కాగితం మీద మూడు కోణాల మొత్తం 180. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి దాని మీద గీసిన పెద్ద త్రిభుజంలో మొత్తం 180ని కొంచెం మించుతుంది. సుమారు 197 చదరపు కిలోమీటర్లకు ఒక సెకను చొప్పున, అంటే డిగ్రీలో 3600వ వంతు చొప్పున. పొలంలో అది లెక్కకు రాదు, గుట్ట నుంచి గుట్టకు సాగే త్రిభుజాల్లో తప్పక వస్తుంది.

హిమాలయ శిఖరాల ఎత్తు కట్టినప్పుడు ఈ గుండ్రదనం ఇంకా పెద్ద పాత్ర వహించింది. నేపాల్‌లోకి అనుమతి లేదు కాబట్టి, పదిహేనో శిఖరం అని గుర్తు పెట్టుకున్న కొండను, ఇవాళ మనం ఎవరెస్ట్ అనే దాన్ని, వంద మైళ్లకు పైగా దూరం నుంచి, మైదానంలోని ఆరు చోట్ల నుంచి చూశారు. అంత దూరం నుంచి అది దిగంతం మీద రెండు డిగ్రీల ఎత్తులో మాత్రమే కనిపిస్తుంది. 175 కిలోమీటర్ల దూరానికి నేల వంపు ఒక్కటే కొండలో 2,400 మీటర్లను దాచేస్తుంది. ధ్వజస్తంభం లెక్కలాగా దూరాన్ని టాన్‌తో గుణించి ఊరుకుంటే అంత ఎత్తు మాయమైపోతుంది. దానికి తోడు గాలి పొరలు చూపును వంచి కొండను కాస్త ఎత్తుగా చూపిస్తాయి, ఆ మేరకు తగ్గించాలి. కోణంలో ఒక్క సెకను తప్పు ఎత్తులో దాదాపు మీటరు తప్పవుతుంది. రాధానాథ్ సిక్దార్ వంటి గణకులు ఈ దిద్దుబాట్లన్నీ చేతి లెక్కలతో చేశారు. 1856లో సర్వేయర్ జనరల్ ఆండ్రూ వా ప్రకటించిన ఎత్తు 29,002 అడుగులు, అంటే సుమారు 8,840 మీటర్లు. 2020లో నేపాల్, చైనా కలిసి ప్రకటించినది 8,848.86 మీటర్లు. కొండ పాదం కూడా తాకకుండా కట్టిన లెక్కకు తేడా తొమ్మిది మీటర్లు.

మన పొలం పటంలో

ఊళ్లో సర్వేయరు చేతిలో ఉండే ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం) పటం తీసి చూడండి, తెలంగాణలో అయితే టిప్పన్. రాళ్ల మధ్య గీతలు గీసి, ఒక్కో గీత మీద పొడవు రాసి ఉంటుంది. నాలుగు మూలల చేనుకు నాలుగు గట్ల పొడవులు మాత్రమే రాస్తే చాలదు. నాలుగు గట్లూ అవే ఉండి కూడా చేను పక్కకు ఒరిగిపోవచ్చు, విస్తీర్ణం మారిపోవచ్చు. మూల నుంచి మూలకు ఒక అడ్డగీత కొలిస్తే అది రెండు త్రిభుజాలవుతుంది, ఇక కదలదు. మూడు భుజాలు కుదిరాక త్రిభుజానికి ఇంకో ఆకారం లేదు. ఇందాకటి 50, 80, 70 మీటర్లే ఒక చేనుకు మూడు గట్లనుకుంటే విస్తీర్ణం 1,732 చదరపు మీటర్లు, దగ్గరదగ్గర 43 సెంట్లు. మూడు గట్ల పొడవుల నుంచి కట్టినా, రెండు గట్లు, వాటి మధ్య 60 డిగ్రీల కోణం నుంచి కట్టినా అదే వస్తుంది. హద్దు తగాదా వచ్చినప్పుడు పటంలోని అడ్డగీతను కొలిపించమని అడగడం రైతుకు ఉపయోగపడే మాట. రాళ్లు జరిగాయో లేదో అది చాలావరకు పట్టిస్తుంది.

ఇప్పుడు పొలాల్లోకి ఉపగ్రహ సంకేతాలతో చోటు కట్టే రోవర్లు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో అవే వాడారు. రోవర్ కోణాలు కొలవదు. ఉపగ్రహం నుంచి సంకేతం చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం కడుతుంది. అంటే లాంబ్టన్ చేసిన పనికి తలకిందులు. అతడు ఒక్క భుజంతో బయలుదేరి కోణాలు కొలుస్తూ పోయాడు. రోవర్‌కు కోణాలు అక్కర్లేదు, అన్నీ భుజాలే. మూడు ఉపగ్రహాల దూరాలతో మనమున్న చోటు తేలిపోవాలి. కానీ రోవర్‌లోని గడియారం ఉపగ్రహాల్లోని అణు గడియారాలంత నిక్కచ్చి కాదు. సెకనులో పది లక్షో వంతు తప్పితే చోటు 300 మీటర్లు జరుగుతుంది. ఆ తప్పు ఎంతో తేల్చడానికి నాలుగో ఉపగ్రహం కావాలి. గాలి పొరలు సంకేతాన్ని ఆలస్యం చేసే తప్పును, ముందే చోటు కచ్చితంగా తెలిసిన స్థిర కేంద్రాలు ఎప్పటికప్పుడు కొలిచి రోవర్‌కు అందిస్తాయి. దాంతో పొలం గట్టు మీది రాయి చోటు సెంటీమీటర్లలో తేలుతుంది.